మట్టి బుర్రలో ‘నేను’: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం అడిగాయి. ‘నేను’ అనే ఎరుకని మట్టిబొమ్మలో ఎలా చూపించాలి అని. కానీ ఉత్తరం సగానికి వచ్చేసరికి అసలు బాధ బయటపడుతోంది: ముక్కు పగిలింది, బుగ్గ మీద తెల్లమరక, కుండలు కాల్చే ఆవంలో తల పేలింది. ఈ రెండిటినీ విడదీసి జవాబు చెప్పడం కుదరదు. గోడ మందం ఎంత, బొక్క ఎక్కడ, అతుకు ఎక్కడ అన్న లెక్కల్లోనే బొమ్మ చెప్పే మాట ఉంటుంది.

ప్రశ్న: చైతన్యం మీద మట్టి తలల వరస ఒకటి చేస్తున్నాను. ఒకదానికి పైమూత తీస్తే మెదడు కనిపిస్తుంది. ఇంకోదాని నెత్తి మీద చెట్టు మొలిపించాను. చూసినవాళ్లు “బాగుంది, మానసిక ఆరోగ్యం పోస్టరా?” అంటున్నారు. ఎక్కడ తప్పింది?
– ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, మహబూబ్‌నగర్

మెదడు, చెట్టు, తాళంకప్ప, పక్షి... ఇవి గుర్తులు. చూసినవాడు గుర్తుని చదివేసుకుని ముందుకు పోతాడు, బొమ్మ దగ్గర ఆగడు. కొన్నాళ్లు తల లోపల ఏమీ పెట్టకండి. బోలు తలకి ఇప్పటికే లోపలి చీకటి ఒకటి ఉంది, దానితో పని చేయండి. కనుగుడ్డు చెక్కే బదులు 6 నుంచి 8 మిల్లీమీటర్ల బొక్క గోడ దాటేలా పొడిచి చూడండి. అర సెంటీమీటరు మందం గోడలో ఆ బొక్క ఉత్త కన్నంలా కనిపిస్తుంది. రెండు సెంటీమీటర్ల గోడలో అదే బొక్క లోతైన సొరంగమై, లోపల ఎవరో ఉండి చూస్తున్నట్టుంటుంది. అందుకని కంటి చుట్టూ మాత్రం గోడని లోపలివైపు నుంచి దళసరి చేయండి. బ్రిటిష్ శిల్పి ఆంటొనీ గోర్మ్లీ ‘ఫీల్డ్’ అనే వరసలో వేల కొద్దీ కాల్చిన మట్టిబొమ్మలకి కళ్లంటే రెండు బొక్కలే. బ్రిటన్‌లో 1993లో చేసినదానిలో దాదాపు 40,000 బొమ్మలున్నాయి, ఒక్కదానికీ ముక్కూ మూతీ లేవు. అన్నీ మనల్నే చూస్తున్నట్టుంటాయి.

చేయి తిరగడానికి రెండు పనులు చెప్తాం. మొదటిది కళ్లు మూసుకుని చేసేది. రెండు కిలోల మట్టి తీసుకోండి, కళ్లకి తువ్వాలు కట్టుకోండి. ఎడమచేత్తో మీ ముఖం తడుముకుంటూ కుడిచేత్తో 40 నిమిషాలు తల చేయండి. చాలామందికి పెదాలు, ముక్కు పెద్దగా వస్తాయి, నుదురు కురచవుతుంది, తల వెనకభాగం దాదాపు ఉండదు. స్పర్శ ఎక్కువున్న చోట్లకి మెదడు పొరలో జాగా ఎక్కువ. మెదడు శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ గీయించిన మెదడు పటంలో పెదాలు, చేతివేళ్లు అంత పెద్దవిగా ఉన్నది అందుకే. ఈ తలని సరిదిద్దకండి. ఆరనిచ్చి కాల్చండి.

రెండోది అద్దం ముందు. ఒక కన్ను మూసి, అద్దంలో కనిపిస్తున్న మీ తల చుట్టూ సబ్బుముక్కతో గీత గీయండి. తర్వాత టేపుతో కొలవండి. అసలు తలలో సరిగ్గా సగం వస్తుంది. మీరు దగ్గర నిలబడ్డా దూరం జరిగినా అంతే వస్తుంది, ఎందుకంటే మీ కంటికీ ప్రతిబింబానికీ మధ్య నట్టనడుమ అద్దం ఉంటుంది. రోజూ చూసుకునే ‘నేను’ గాజు మీద సగం సైజుదని ఎవరికీ తట్టదు. ఆ సగం సైజులో, కుడిఎడమలు మారిన తల ఒకటి చేయండి. రెంటినీ పక్కపక్కన పెడితే నెత్తి మీద చెట్టు అవసరం ఉండదు.

కొలతల్లో ఒక్క తప్పు అందరూ చేస్తారు: కళ్లు మరీ పైకి పెడతారు. గడ్డం నుంచి నడినెత్తి దాకా కొలిస్తే కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి.

చెట్టే కావాలనిపిస్తే మీ ఊరి దగ్గరి పిల్లలమర్రికి పోయి ఒక పూట కూర్చోండి. ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ మర్రి మూడెకరాల పైన పరుచుకుంది. ఊడలు నేలకి దిగి మానులయ్యాయి, అసలు మొదలేదో చూపించమంటే కష్టం. 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఎన్ని మానులున్నా చెట్టు ఒకటే, మందు మాత్రం ఏ మానుకి ఆ మానుకే. తల మీద చెట్టు మొలిపించే ముందు దీని గురించి ఆలోచించాలి.

ప్రశ్న: మా ఊరి చెరువు మట్టితో సొంత ముఖం చేశాను. ఆరాక ముక్కు కొస, కనుబొమలు, పెదాల మీద తెల్లగా బూజులా వచ్చింది. కాల్చిన వారానికి బుగ్గ మీద చిన్న చిప్పలు లేచిపోయాయి, ప్రతి గుంట అడుగునా తెల్ల చుక్క. ఎవరో మట్టి మంచిది కాదన్నారు. నిజమేనా?
– దేవరకొండ నుంచి ఒక పాఠకుడు

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మట్టిని వదలాల్సిన పని లేదు.

ముందు తెల్లబూజు. అది నీళ్లలోని ఉప్పు. నల్లగొండ వైపు బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువ. మట్టిలోంచి నీళ్లు ఏ చోటు నుంచి ఆవిరై పోతే ఉప్పు ఆ చోటే మిగులుతుంది. ముక్కు కొస, కనుబొమ, పెదవి, చెవి అంచు గాలికి ముందు తగిలేవి, కాబట్టి తెలుపు అక్కడే తేలుతుంది. మట్టి నానబెట్టడానికి, బొమ్మ తడపడానికి వాననీళ్లు గానీ ఉప్పు తీసే ఆర్వో ఫిల్టరు నీళ్లు గానీ వాడండి. మట్టిలోనే ఉప్పుంటే డ్రమ్ములో పలచగా కలిపి ఒక రాత్రి తేరనివ్వండి, పైన తేరిన నీళ్లు వంచేసి మళ్లీ వాననీళ్లు పోయండి. ఇలా మూడుసార్లు చేస్తే చాలావరకు పోతుంది. ఆరబెట్టేటప్పుడు మామూలుగా చేసేదానికి తిరగేసి చేయండి: ముఖాన్ని పాలిథీన్ కవరుతో కప్పి, తల వెనకభాగం తెరిచి పెట్టండి. ఉప్పు వెనక్కి పోతుంది. ఇప్పటికే వచ్చిన బూజుని కాల్చకముందే పొడి కుంచెతో దులపండి. తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్లీ లోపలికి పోతుంది. కాలాక అది పోదు. బేరియం కార్బొనేట్ కలపమని కొందరు చెప్తారు, పని చేస్తుంది, కానీ విషం. పిల్లలు తిరిగే ఇంట్లో దాని జోలికి పోవద్దు.

చిప్పలు లేవడం సున్నం పని. చెరువు పూడిక మట్టిలో నత్తగుల్లల ముక్కలుంటాయి, రేగడిలో సున్నపు గులకలుంటాయి. 850 డిగ్రీల దరిదాపుల్లో అవి కాలి పొడిసున్నం అవుతాయి. బయటికి తీశాక గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతాయి, మీదున్న మట్టిని చిప్పలా ఎగదోస్తాయి. వానాకాలంలో రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది. మట్టిలో సున్నం ఉందో లేదో తెలుసుకోవాలంటే ఎండిన ముద్దని పొడి చేసి నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. సుయ్‌మని నురుగొస్తే ఉన్నట్టే. మట్టిని పలచగా కలిపి సన్నని గుడ్డలో గానీ టీ జల్లెడ కంటే సన్నటి జల్లెడలో గానీ వడగట్టండి. అర మిల్లీమీటరు లోపు ముక్కలు పెద్దగా హాని చేయవు. వడగట్టని మట్టితో చేసిన బొమ్మ ఇప్పటికే కాలి ఉంటే, కిల్న్ (కాల్చే కొలిమి) నుంచి తీసిన రోజే, ఇంకా గోరువెచ్చగా ఉండగానే నీళ్ల గోలెంలో పూర్తిగా ముంచి కొన్ని గంటలు ఉంచండి. సున్నం ఉబ్బే లోపే మెత్తటి ముద్దై సందుల్లోకి పోతుంది. మీ బొమ్మకి వారం దాటిపోయింది కాబట్టి ఇప్పుడు ముంచి లాభం తక్కువ.

ఇంకో మాట. మట్టి పగలకుండా పాత ఇటుకలు దంచి పెంకు పొడిగా కలిపారా? గోడలోంచి తీసిన ఇటుకకి సున్నమో సిమెంటో అంటుకునే ఉంటుంది. పగిలిన కుండలు, పాత బెంగుళూరు పెంకులు దంచండి. కిటికీ దోమల జాలీలో జల్లించి, తల సైజు బొమ్మకి మట్టిలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కలపొచ్చు. దంచేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. నేల ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ రాదు.

ఉత్త రేగడితో మాత్రం తల చేయకండి. ఎండితే మే నెలలో పత్తిచేను నెర్రెలిచ్చినట్టే విచ్చుతుంది. ఏ మట్టికైనా ముందు 14 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 1 మందం పట్టీ చేసి, మీద 10 సెంటీమీటర్ల గీత గీసి ఆరనివ్వండి. గీత 9.3కి తగ్గితే 7 శాతం కుదింపు. 8 లోపుంటే పర్వాలేదు, 10 దాటితే పెంకు పొడి ఇంకా కావాలి. కాలాక ఇంకొంచెం తగ్గుతుంది. మొత్తం 12 శాతం తగ్గే మట్టితో 23 సెంటీమీటర్ల తల కావాలంటే తడిమట్టిలో 26 సెంటీమీటర్లు చేయాలి.

ప్రశ్న: చూడటమే కాదు, చూసేవాళ్లకి “ఇది నేనా?” అన్న అనుమానం రావాలి. స్కూల్లో ప్రదర్శన పెట్టాలి. ఖర్చు తక్కువలో ఏదైనా చెప్పగలరా?
– డ్రాయింగ్ ఉపాధ్యాయురాలు, మక్తల్

రెండున్నాయి మేడమ్, రెండూ మట్టితో కుదురుతాయి.

ఒకటి మట్టిచేయి. 1998లో మాథ్యూ బాట్వినిక్, జొనాథన్ కోహెన్ అనే శాస్త్రవేత్తలు రబ్బరు చేయితో చేసి చూపించిన ప్రయోగం ఇది. ఎడమచేయి బొమ్మ చేయండి, అరచేయి కిందికి, వేళ్లు ముందుకి. వేళ్ల మందం రెండు సెంటీమీటర్లు మించొద్దు, అరచేతి అడుగుని చెంచాతో తోడి బోలు చేయండి, లేకపోతే కాల్చేటప్పుడు పగులుతుంది. ఆరి, కాలి చేయి చిన్నదవుతుంది కాబట్టి పదో వంతు పెద్దగా మొదలుపెట్టండి. పిల్లల చేతిని నేరుగా ప్లాస్టర్ ముద్దలో పెట్టి అచ్చు తీయొద్దు. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ 60 డిగ్రీలు దాటుతుంది, చర్మం కాలుతుంది. అచ్చే కావాలంటే పళ్ల డాక్టర్లు వాడే ఆల్జినేట్ పొడి తీసుకోండి.

పిల్లని బల్ల ముందు కూర్చోబెట్టండి. ఆమె అసలు ఎడమచేయి అట్టపెట్టె వెనక దాగాలి. మట్టిచేయి ఎదురుగా, అసలు చేయి ఉన్న దిక్కుకే, 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడంలో పెట్టండి. 30 దాటితే పట్టు సడలుతుంది. భుజం నుంచి మట్టిచేయి మణికట్టు దాకా తువ్వాలు కప్పండి. ఇప్పుడు రెండు కుంచెలతో రెండు చేతులనీ ఒకేసారి, ఒకే వేలు మీద, ఒకే వైపుకి నిమరండి. ఒకటి రెండు నిమిషాల్లో చాలామందికి కుంచె తగులుతున్నది మట్టివేలికే అనిపిస్తుంది. కళ్లు మూయించి, కుడిచేతి వేలితో బల్ల కింద నుంచి “నీ ఎడమచేయి ఎక్కడుందో చూపించు” అంటే మట్టిచేయి వైపుకి జరిపి చూపిస్తారు. తర్వాత రెండు కుంచెల తాళం తప్పించి చేయండి. భ్రమ పోతుంది. అందరికీ రాదు, రాకపోతే బలవంతం చేయొద్దు. సుత్తితో మట్టిచేయిని కొట్టి భయపెట్టే వీడియోలు చూసి అదే చేయబోతారు, వద్దు. పెంకులు ఎగిరి కళ్లలో పడతాయి.

రెండోది లోపలికి నొక్కుకుపోయిన ముఖం. మామూలు ముఖం ఒకటి మట్టిలో చేసి, తోలులా గట్టిపడ్డాక దాని మీద పలచటి బూడిద చల్లి, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం పలకని మెల్లగా ఒత్తండి. ముక్కు పుటాలు, చెవుల వెనక సందులు ముందే మట్టితో పూడ్చాలి, లేకపోతే పలక ఊడి రాదు. రెండు మూడు గంటల తర్వాత ఎత్తితే ముఖం తిరగబడి లోతుగా ఉంటుంది. దాన్నే కాల్చండి. మెరుపు వద్దు, రంగు వద్దు. కంటి ఎత్తులో గోడకి తగిలించి, కింద నుంచి దీపం పెట్టి, రెండు మూడు మీటర్ల దూరంలో ఒక కన్ను మూసి చూడమనండి. గుంటలా ఉన్న ముఖం ఉబ్బి బయటికొస్తుంది, అటూ ఇటూ నడిస్తే తల తిప్పి వెంటాడుతుంది. పుట్టినప్పటి నుంచీ బయటికున్న ముఖాలే చూసిన మెదడు, కన్ను చెప్పేదాన్ని కొట్టిపారేసి తనకి తెలిసిన ముఖాన్నే చూపిస్తుంది. రిచర్డ్ గ్రెగరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ భ్రమని చూపిస్తూ వివరించేవాడు. ఇది గుంట అని తెలిశాక కూడా భ్రమ పోదు. పిల్లలు ముట్టుకుని చూసి, వెనక్కి పోయి మళ్లీ చూసి, మళ్లీ వచ్చి ముట్టుకుంటారు. అందుకని గట్టిగా బిగించండి.

ప్రశ్న: ఘటాకాశం, మహాకాశం అన్న భావంతో, ప్రదర్శనలో కుండ పగలగొట్టి “లోపలి ఆకాశం, బయటి ఆకాశం ఒకటే” అని చూపిద్దామనుకుంటున్నాను. ఎలాంటి కుండ వాడాలి?
– నాగర్‌కర్నూల్ నుంచి ఒక పాఠకుడు

అద్వైత ఆచార్యుడు గౌడపాదుల మాండూక్య కారికల్లో ఉన్న ఉపమానం అది, లోతైనది. కానీ మన దగ్గర భుజం మీద కుండ పెట్టుకుని పగలగొట్టడం ఎవరు చూసినా గుర్తొచ్చేది శ్మశానం. మీ ఆకాశం మాట వినపడే లోపే ముందు వరసలో పెద్దవాళ్లు లేచిపోతారు. పగలగొట్టకండి, కోయండి. కుమ్మరి దగ్గర సారె మీద నుంచి దించిన పచ్చికుండ అడిగి తీసుకుని, గట్టిపడ్డాక తీగతో నిలువునా కోసి, రెండు సగాలనీ కాల్చి, ఒక అంగుళం ఎడంతో నిలబెట్టండి. కోసిన వెంటనే రెండు సగాలనీ కలిపి కట్టి ఆరబెట్టాలి, విడివిడిగా ఆరితే ఒంపులు మారి అంచులు కలవవు. అంగుళం ఎడం చాలు. మూడంగుళాలైతే అది కుండ కాదు, రెండు చిప్పలు.

ప్రశ్న: ఎక్కడా బొక్క లేని తల చేయాలనుకున్నాను. కళ్లు, నోరు, చెవులు అన్నీ మూసే ఉండాలి, లోపలున్నది ఎవరికీ తెలియకూడదు. కాల్చితే పేలింది. గాలి బుడగ వల్ల అన్నారు. మళ్లీ చేయొచ్చా?
– మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు

గాలి బుడగ మీద అనవసరంగా నింద పడుతోంది. పేల్చింది తడి. గోడ నడుమ మిగిలిన నీళ్లు 100 డిగ్రీలు దాటగానే ఆవిరై, దాదాపు 1,700 రెట్లు చోటు కావాలంటాయి. దళసరి గోడలో అది బయటికి పోయే దారి లేక గోడనే చీలుస్తుంది. మూసిన తలలో కష్టం ఏమిటంటే గోడ లోపలివైపు గాలికి ఆరదు, నీళ్లన్నీ బయటివైపు నుంచే పోవాలి. పైకి ఎండినట్టున్నా లోపల పచ్చిగానే ఉంటుంది.

గోడ ఎక్కడా 1.2 సెంటీమీటర్లు దాటకుండా తల చేయండి. ముందు గట్టిగా ముద్దగా చేసే పద్ధతైతే, తోలులా ఆరాక చెవుల వెనక నుంచి తీగతో కోసి, చెంచాతో తోడి, అంచులు గీరి, చిక్కటి మట్టినీళ్లు పూసి అతికించండి. అతుకు మీద సన్నటి మట్టి తాడు పెట్టి లోపలికి ఒత్తితేనే నిలుస్తుంది. ఎక్కడో ఒకచోట 2 మిల్లీమీటర్ల బొక్క ఉండాల్సిందే. అది మెడ అడుగున ఉంటే బల్ల మీద పెట్టినప్పుడు కనిపించదు. మాకు అడిగితే అడుగున దాచవద్దంటాం: చెవి వెనక, వెంట్రుకల గీతలో పొడవండి. వెతికినవాళ్లకి దొరుకుతుంది.

చెవులు, ముక్కు మీద పాలిథీన్ ముక్కలు అంటించి, మొత్తం తలని గోనెసంచి కింద రెండు మూడు వారాలు ఆరనివ్వండి. వడగాడ్పుల రోజుల్లో గదిలోనే ఉంచండి. చెంపకి ఆనించి చూస్తే చల్లగా తగలకూడదు. వంటింటి త్రాసు మీద రోజూ తూచి రాయండి, వరసగా మూడు రోజులు బరువు తగ్గకపోతే ఎండినట్టు.

ఎలక్ట్రిక్ కిల్న్ దొరికితే 90 డిగ్రీల దగ్గర రాత్రంతా నిలపండి. తర్వాత గంటకి 60 చొప్పున 600 దాకా, ఆ పైన గంటకి 100 చొప్పున 950 దాకా. 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ (పలుగురాయి) ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే కుంచించుకుంటుంది. అందుకే 100 లోపుకి దిగేదాకా తలుపు తెరవొద్దు. కుమ్మరి ఆవంలో పెడితే కంది కట్టె, పత్తి కట్టె వేసే ముందు నాలుగైదు గంటలు పిడకల సెగ మాత్రమే తగలనివ్వమని అడగండి. కుండ పలచన కాబట్టి వాళ్లకి అంత సేపు అవసరం ఉండదు, మీ తల సంగతి చెప్పి ఒప్పించుకోవాలి. చివర్లో ఊక కప్పి గాలి ఆడకుండా మట్టితో మూస్తే తల నల్లబడుతుంది. మూసిన తలకి ఆ నలుపు బాగుంటుంది. గ్లేజు (గాజు పూత) మాత్రం వద్దు, మెరిసేది ఏదైనా చూపుని పైనే ఆపేస్తుంది.

ఇంకో పని చేయండి. తల మూసే ముందు అదే మట్టితో చేసి, బాగా ఎండబెట్టిన గోలీకాయంత గుండ్లు, ఒక్కోదాన్నీ న్యూస్‌పేపరు ముక్కలో చుట్టి లోపల వేయండి. కాగితం లేకపోతే పచ్చిగోడకి అతుక్కుంటాయి. ఆవంలో కాగితం కాలిపోయి గుండ్లు విడివడతాయి. తలని చేతిలోకి తీసుకుని కదిపినవాళ్లకి లోపల గలగలమంటుంది. చూడాలంటే పగలగొట్టాలి. సింధు నాగరికత నాటి మట్టి గిలక్కాయల్లోనూ ఇలాగే లోపల మట్టి గుండ్లుంటాయి. మూడు గుండ్లు చాలు. ఐదారు వేస్తే చప్పుళ్లు కలిసిపోయి ఇసుక పోసినట్టుంటుంది. ఒక్కటే వేస్తే తల ఏ వైపు వంచితే ఆ వైపుకి దొర్లి, కాసేపటికి ఆగడం వినపడుతుంది.